పనివారి మనోభారము – పంచాయతీ బాధ్యత

పంచాయతీ సభ్యుడు ప్రజల ప్రతినిధి మాత్రమే కాడు. ఒక విధముగా యజమాని కూడ. వీధులూడ్చు కార్మికులు, మంచినీటి వాల్వులు త్రిప్పువారు, కార్యాలయములో లెక్కలు వ్రాయు కార్యదర్శి - వీరందరి దైనందిన జీవితము పంచాయతీ నడచు తీరుపై ఆధారపడి యున్నది. వీరి వేతనములను గూర్చియు, హాజరును గూర్చియు మన సమావేశములలో చర్చ జరుగుచునే యుండును. పని వలన వారి మనస్సునకు కలుగు ఒత్తిడిని గూర్చి మాత్రము ఎవరును మాటాడరు. ఆ విషయమును ఇచట కొంత వివరింపదలచితిమి.

పొలము గట్టున పాము కనబడినపుడు గుండె వేగముగా కొట్టుకొనును, కండరములు బిగుసుకొనును, జీర్ణక్రియ మందగించును. ఇది మన కందరకు అనుభవమే. పాము పోయిన కొంతసేపటికి శరీరము మరల కుదుటపడును. ఇది ప్రకృతి మనకిచ్చిన రక్షణ. కెనడాలో పనిచేసిన హాన్స్ సెల్యీ అను శాస్త్రవేత్త 1936లో ఎలుకలపై తాను చేసిన పరిశోధనను ప్రకటించెను. బాధ ఏ రూపమున వచ్చినను, అది ఎడతెగక సాగినచో శరీరము మూడు దశలలో నడచునని ఆయన చెప్పెను: మొదట ఉలికిపాటు, పిదప తట్టుకొని నిలుచుట, కడపట సొమ్మసిల్లుట. పాము దినమంతయు కన్నుల యెదుటనే యున్నచో ఏమగును? పనిచోట కలుగు ఒత్తిడి అట్టిది. నిద్ర చెడును, రక్తపుపోటు పెరుగును, చిన్న మాటకే కోపము వచ్చును.

పని ఎక్కువైనందుననే ఒత్తిడి కలుగునని సాధారణముగా అందురు. ఇది సగము నిజము మాత్రమే. నాట్ల దినములలో కూలీలు పొద్దు పొడిచినది మొదలు నడుము వంచి పనిచేయుదురు. ఆ శ్రమ తక్కువదని తలచువారు ఒక పూట బురదలో దిగి చూడవలెను! అయినను వరుసగా నిలిచి, ఒకరు పాట ఎత్తగా తక్కినవారు అందుకొనుచు ఆ భారమును పంచుకొందురు. ఏతము తొక్కిన కాలములోను ఇంతే. పాట శ్రమను తగ్గింపదు గాని మనిషిని ఒంటరిని కానీయదు.

అమెరికాకు చెందిన రాబర్ట్ కరాసెక్ అను పండితుడు 1979లో ఈ విషయమును చక్కగా విడదీసి చూపెను. పని ఎంత యున్నదన్నది ఒక కొలత. ఆ పనిని ఎట్లు, ఎప్పుడు చేయవలెనో నిర్ణయించుకొను వీలు పనివానికి ఎంత యున్నదన్నది రెండవ కొలత. పని మిక్కుటముగా నుండి, నిర్ణయించుకొను వీలు లేనిచోటనే మనిషి మిక్కిలి నలిగిపోవును.

దీనికి బలమైన సాక్ష్యము లండను నగరమునుండి వచ్చినది. అచటి వైట్‌హాల్ ప్రభుత్వ కార్యాలయములలో 1967 నుండి 17,000కు పైగా పురుషోద్యోగుల ఆరోగ్యమును పరిశీలించిరి. గుండెజబ్బు పెద్ద బాధ్యతలు మోయు పై అధికారులకే వచ్చునని లోకము తలచుచుండెను. తేలినది ఇందుకు విరుద్ధము. అట్టడుగు శ్రేణివారిలో గుండెజబ్బు మరణములు పై శ్రేణి అధికారులలో కంటె మూడు రెట్లకు పైగా నుండెను. పొగ త్రాగుట, రక్తపుపోటు మున్నగు కారణములు ఈ తేడాలో కొంత భాగమునే వివరింపగలిగినవి. 1985లో స్త్రీలను కూడ చేర్చి రెండవ పరిశీలన ఆరంభించిరి. తన పనిపై తనకు అదుపు లేకపోవుటయే ఈ తేడాకు ఒక ముఖ్య కారణమని 1997లో వెలువడిన ఫలితములు సూచించినవి. అనగా బంట్రోతు పనిలోని ఒత్తిడి అధికారి పనిలోని ఒత్తిడికంటె ప్రమాదకరము కావచ్చును.

ఇక మన పంచాయతీకి వత్తము. ఇంటిపన్ను వసూలు, జనన మరణముల నమోదు, పారిశుద్ధ్యము, వీధి దీపములు, గ్రామసభ ఏర్పాటు - ఇవన్నియు కార్యదర్శి చూడవలసినవే. మీదుమిక్కిలి, చేసిన ప్రతి పనికిని ఫోనులో ఫోటో తీసి పంపవలెను. కాలువ శుభ్రపడినను ఫోటో వెళ్లనిచో అది శుభ్రపడనట్లే లెక్క! తెలంగాణలో 2019లో నియమితులైన జూనియర్ పంచాయతీ కార్యదర్శులు తమ ఉద్యోగములను క్రమబద్ధము చేయుమని కోరుచు 2023లో సమ్మెకు దిగిరి. రేపు ఉద్యోగము ఉండునో ఉండదో తెలియని స్థితియు ఒత్తిడియే. జర్మనీలో పనిచేసిన పండితుడు యోహానెస్ సీగ్రిస్ట్ 1996లో చెప్పినదియు ఇదే: పడిన శ్రమకు తగిన ప్రతిఫలము దొరకనపుడు మనిషి ఆరోగ్యము దెబ్బతినును. ప్రతిఫలమనగా జీతము మాత్రమే కాదు. గౌరవము, ఉద్యోగ భద్రత కూడ.

ఆశా కార్యకర్తలు పంచాయతీ ఉద్యోగులు కారు గాని ఊరి పనివారే. 2005లో ఆరంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషను క్రింద వీరు వచ్చిరి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వీరిని సత్కరించెను. అర్ధరాత్రి కాన్పు నొప్పులకు తలుపు తట్టినపుడు ఆ సత్కారము ఆమెకు తోడురాదు, ఊరు తోడురావలెను.

ఒత్తిడిని ఎదుర్కొను మార్గములు రెండు విధములని లాజరస్, ఫోక్‌మన్ అను మనస్తత్వ శాస్త్రజ్ఞులు 1984లో వివరించిరి. కష్టమునకు మూలమైన దానినే సరిదిద్దుట ఒకటి. కష్టము వలన కలిగిన బాధను చల్లార్చుకొనుట రెండవది. నడక, భజన, స్నేహితులతో ముచ్చట రెండవ తెగకు చెందినవి. కల్లు, సారాయి కూడ ఆ తెగవే. అవి బాధను చల్లార్చినట్లే కనబడి మరునాటికి రెట్టింపు చేయును. మూలమును సరిదిద్దు అధికారము పనివాని చేతిలో లేదు. అట్టివానికి "ఓర్పు పట్టుము" అని బోధించుట అన్యాయమని మా అభిప్రాయము. ఆ అధికారము చాలవరకు పంచాయతీ చేతిలో నున్నది.

మొదటిది, ఆజ్ఞలిచ్చు నోరు ఒక్కటే కావలెను. ఒక సభ్యుడు తన వీధి ముందు ఊడ్వుమనును. మరియొకడు చీపురు అక్కడనే పడవైచి బడి వద్దకు రమ్మనును. ఇంకొకడు మధ్యాహ్నము వచ్చి ఏ పనియు కాలేదని గద్దించును. పది మంది సభ్యులు పది మంది యజమానులైనచో ఏ మనిషి మనస్సు నిలుచును? ఫిర్యాదులన్నియు ఒక పుస్తకములో వ్రాసి సర్పంచి లేక కార్యదర్శి ద్వారా మాత్రమే పనివారికి అందునట్లు తీర్మానించుకొనవచ్చును. ఏ వీధి ముందు, ఏ వీధి తరువాత అన్నది ఆ కార్మికులనే నిర్ణయించుకొననిండు. ఊరి కాలువల సంగతి వారికి మనకంటె బాగుగా తెలియును. కరాసెక్ చెప్పిన వీలు ఇదియే. దీనికి కాసు ఖర్చు లేదు.

జీతము ఫలానా తేదీకి వచ్చునని తెలిసియుండవలెను. ఆలస్యము తప్పనిచో ఎందుకో, ఎప్పటికి అందునో ముందే చెప్పవలెను. చేతితొడుగులు, బూట్లు, వారమునకొక సెలవు, కూర్చుండుటకు నీడ, స్త్రీలకు మరుగుదొడ్డి - ఇవి ఉపకారములు కావు. గ్రామసభలో అందరి యెదుట పనివానిని నిలదీయు అలవాటు మాత్రము కొన్ని ఊళ్లలో బలముగా పాతుకొని యున్నది. తప్పు చేసినచో గదిలో పిలిచి చెప్పవచ్చును. సభలో పోయిన పరువు సభలోనే తిరిగి రాదు.

ఇన్ని చేసినను కొందరు అలసటలో మునిగిపోదురు. తీరని నిస్సత్తువ, పనిపై విరక్తి, ఏ పనియు చేతకాదను భావము - ఈ మూడును కలిసిన స్థితిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో పనికి సంబంధించిన పరిస్థితిగా గుర్తించెను. దానిని ప్రత్యేక రోగముగా చెప్పలేదు. కాని నిద్ర లేక వారములు గడచినను, బ్రతుకుపై ఆశ పోయినట్లు మాటాడినను ఆలస్యము చేయరాదు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ఆరంభించిన టెలీ మానస్ సేవకు 14416 అను సంఖ్యపై ఉచితముగా ఫోను చేయవచ్చును; తెలుగులో మాటాడువారు ఉందురు. ఆ సంఖ్యను అంబులెన్సు సంఖ్య ప్రక్కనే కార్యాలయపు గోడపై పెద్ద అక్షరములతో వ్రాయింపవలెను, చదువరాని వారికి నోటితో చెప్పవలెను.