పీహెచ్‌సీ నుంచి జిల్లా దాకా

బుజ్జీ,

నీ ఉత్తరం అందింది. జనరల్ మెడిసిన్ చేసి ఊళ్లోనే క్లినిక్ పెట్టుకోమని మీ అమ్మ పోరు. నీ మనసేమో జిల్లా ఆరోగ్య పాలన మీదికి పోతోంది. జిల్లా వైద్య ఆరోగ్యాధికారిగా (డీఎంహెచ్‌ఓ) రిటైరైనవాణ్ణని నన్నడిగావు. మొహమాటం లేకుండా చెబుతున్నా, నీ మనసు చెప్పినట్టే చెయ్యి.

దారి ఇలా ఉంటుంది: ఇన్‌సర్వీస్ కోటాలో కమ్యూనిటీ మెడిసిన్ పీజీ, ఆ తర్వాత ఏదో ఒక ప్రోగ్రాం ఆఫీసర్ పోస్టు, డిప్యూటీ డీఎంహెచ్‌ఓ, డీఎంహెచ్‌ఓ, కలిసొస్తే రీజినల్ డైరెక్టర్. ప్రోగ్రాంలలో టీకాల విభాగం దొరికితే మాత్రం వదులుకోకు. చివరి సబ్‌సెంటర్ దాకా జిల్లా అంతా తెలిసేది అక్కడే.

పీజీ కంటే ముందు నేర్చుకోవాల్సింది నీ పీహెచ్‌సీలోనే ఉంది. టీకాలు దాచే ఐఎల్‌ఆర్ దగ్గర ఉండే టెంపరేచర్ షీట్ తీసి చూడు. పొద్దునోసారి, సాయంత్రమోసారి రాయాలి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. నెలంతా ఒకే పెన్నుతో, ఒకే వాలులో 4, 4, 4 అని ఉందనుకో, నెలాఖరున ఒకే పూట కూర్చుని రాసేశారన్నమాట. కరెంటు పోయిన రోజు కూడా నాలుగే. అది రాసిన ఫార్మసిస్టు మీద కోపమొస్తుంది. అరవకు. ఎప్పుడో ఒకనాడు 11 అని నిజం రాసినందుకు మెమో తిని ఉంటాడు. ఇకమీదట ఎంత ఉంటే అంతే రాయమను, రాసినందుకు ఏమీ అనవని నమ్మకం కలిగించు.

పైకి వెళ్లేకొద్దీ ఇలా నిజం రాయించడం మరీ ముఖ్యం. పిల్లలకు ఉన్నట్టుండి కాళ్లూ చేతులూ చచ్చుబడే ఏఎఫ్‌పీ కేసులే తీసుకో. పోలియో లేని చోట కూడా 15 ఏళ్లలోపు పిల్లల్లో లక్షకు ఏడాదికి ఒకటైనా కనపడాలి. జిల్లా మొత్తం మీద సున్నా అని రిపోర్టు వచ్చిందంటే అక్కడ ఎవరూ వెతకడం లేదని అర్థం. చచ్చుబడిన 14 రోజుల్లోగా, 24 గంటల ఎడంతో రెండు మల నమూనాలు తీసి ఐస్‌లో పెట్టి ల్యాబ్‌కు పంపిన కిందిస్థాయి సిబ్బంది వల్లే పోలియో పోయిందని గట్టిగా చెప్పగలిగాం. దేశంలో ఆఖరి వైల్డ్ పోలియో కేసు 2011 జనవరిలో హౌరా జిల్లాలో వచ్చింది. 2014 మార్చి 27న ఆగ్నేయాసియా ప్రాంతానికి పోలియోరహిత ధ్రువీకరణ వచ్చింది. ఆ మధ్య కాలమంతా వెతుకుతూనే ఉన్నారు.

కలెక్టరు సమీక్షల్లో సాధారణంగా సున్నా చెప్పినవాళ్లకు శభాష్, కేసులు చెప్పినవాళ్లకు చీవాట్లు పడతాయి. డీఎంహెచ్‌ఓ కుర్చీలో నువ్వున్న రోజున కేసు పట్టుకున్న ఏఎన్‌ఎంను నలుగురి ముందూ మెచ్చుకో. మరుసటి వారం పక్క మండలం నుంచి కూడా నిజాలు రావడం మొదలవుతుంది.

ఇంకో సంగతి. వాంతులూ విరేచనాలూ ప్రబలితే మందు మన దగ్గరుంటుంది కానీ, తరచుగా కారణం పగిలిన నీళ్ల పైపు. పైపు బాగుచేయించాల్సింది గ్రామీణ నీటి సరఫరా (ఆర్‌డబ్ల్యూఎస్) ఏఈ, ట్యాంకులో క్లోరిన్ కలిపించాల్సింది పంచాయతీ కార్యదర్శి. వాళ్లతో ఇప్పటినుంచే స్నేహంగా ఉండు. గొడవ పెట్టుకుంటే లేఖలు తిరుగుతాయి, పైపు మాత్రం అలాగే కారుతుంది.

కమ్యూనిటీ మెడిసిన్ అంటే తోటి డాక్టర్లు చిన్నచూపు చూస్తారని రాశావు. చూడనీ. పీజీ కౌన్సెలింగ్‌లో మొదటి ఆప్షన్‌గా అదే పెట్టు. మీ అమ్మతో నేను మాట్లాడతాను.

మీ పెదనాన్న