అప్పు తీర్చిన లెక్క

బదిలీ అంటే మనకు కొత్త ఊరు, కొత్త బడి, కొత్త స్నేహితులు. ఇంటి పెద్దలకు మాత్రం ఖర్చు కూడా. ఇంటి అడ్వాన్సు, సామాన్ల లారీ, యూనిఫాంలు అన్నీ ఒకేసారి మీద పడతాయి.

పోయిన బదిలీకి మా నాన్నగారు క్రెడిట్ కార్డు వాడారు. బదిలీ భత్యం రాగానే కొంత కట్టినా, ఇంకా రూ. 20,000 బాకీ మిగిలింది. "నెలకు వెయ్యి కడితే చాలట!" అని బిల్లు చూసి మేం సంబరపడ్డాం. అమ్మ నోటుపుస్తకం తెచ్చి, మమ్మల్నే లెక్క వేయమంది.

వడ్డీ నెలకు నూటికి 3 రూపాయలు. అంటే మొదటి నెల వడ్డీయే రూ. 600. మనం కట్టిన వెయ్యిలో అసలుకు చేరేది 400 మాత్రమే. ప్రతి నెలా వెయ్యే కడితే అప్పు తీరడానికి 31 నెలలు పడుతుంది. మొత్తం దాదాపు రూ. 31,000 కట్టాలి. ఆలోగా మళ్లీ బదిలీ రావచ్చు!

అదే నెలకు రూ. 4,000 కడితే ఆరో నెలలో తీరిపోతుంది. కట్టేది మొత్తం రూ. 22,007. పన్నులు ఇందులో కలపలేదు.

మరి అదనంగా 3,000 ఎక్కడిది? నెల ఖర్చులన్నీ రాసి చూశాం. బయటి తిండి, చూడని ఛానళ్లు మానేశాం. మా సైకిలు వాయిదా పడింది. కార్డు బీరువాలోకి వెళ్లింది. మొదట్లో అలిగాం కూడా.

ఆరో నెల బిల్లులో సున్నా చూసి నాన్నగారు హాయిగా నవ్వారు. ఇప్పుడు నెలనెలా పోస్టాఫీసులో కొంత దాస్తున్నాం, వచ్చే బదిలీ కోసం.

మీరూ ఒక నెల ఇంటి ఖర్చు రాసి చూడండి.