డిస్కు హద్దులు - వాని పునరుద్ధరణ

గడచిన సంవత్సరపు సంచికకై టైపు చేసిన ఉర్దూ పుటలన్నియు మా కంప్యూటరు గదిలోని ఒక యంత్రములో ఉండెను. విండోసు ఉన్న ఆ యంత్రములోనే లినక్సును కూడ నెలకొల్పబోయి ఒక విద్యార్థి పొరపాటున ఆ పుటలున్న పార్టిషనును తొలగించినాడు. వానికి మరొక ప్రతి లేదు. మేమందరము నిరాశ చెందితిమి. కాని పుటలు పోలేదు. ఏల పోలేదో విద్యార్థి మిత్రులకు తెలుపుటకే ఈ వ్యాసము.

డిస్కు ఒక పొలము వంటిది. పార్టిషన్లు అందలి మడులు. ఏ మడి ఎచటినుండి ఎంతవరకో తెలుపు పట్టిక డిస్కు ఆరంభమున ఉండును. 1983లో వచ్చిన ఎం.బి.ఆర్. పద్ధతిలో ఈ పట్టికకు గల చోటు 64 బైట్లు, పద్దులు నాలుగు మాత్రమే. నేటి జి.పి.టి. పద్ధతిలో సాధారణముగా 128 పద్దులకు చోటుండును. పట్టిక నకలు డిస్కు చివర కూడ ఉండును. పార్టిషనును తొలగించినపుడు సాధారణముగా చెరుగునది పట్టికలోని పద్దు మాత్రమే. గట్టు చెరిగినంతనే పైరు పోదు. ఆ మడిని తిరిగి దున్నినపుడే పోవును.

కావున మొదటి నియమము: ఆ డిస్కుపై ఇక ఏమియు వ్రాయరాదు. మేము పనిని అచటనే ఆపి, యు.ఎస్.బి. నుండి లినక్సును నడిపి, డిస్కు మొత్తమునకు వేరొక డిస్కుపై నకలు తీసితిమి. పిమ్మట టెస్ట్‌డిస్క్ అను ఉచిత సాధనము పోయిన పార్టిషను ఆరంభపు గుర్తును వెదకి చూపినది. ఫైళ్లను వేరుచోట భద్రపరచిన తరువాతనే పట్టికను సరిచేసితిమి. మాది పాత హార్డు డిస్కు. ఎస్.ఎస్.డి.లో ఫార్మాటు కూడ జరిగినచో ట్రిమ్ అను ఏర్పాటు వలన ఈ అదృష్టము దక్కకపోవచ్చును.

పునరుద్ధరణ కంటె ప్రణాళిక మేలు. ముందు విండోసును, తరువాత లినక్సును నెలకొల్పవలెను. విండోసు పార్టిషనును విండోసులోని సాధనముతోనే కుదించవలెను. బిట్‌లాకర్ ఉన్నచో దాని రికవరీ కీని ముందే వ్రాసికొనవలెను. ఉన్న ఇ.ఎఫ్.ఐ. పార్టిషనును ఫార్మాటు చేయరాదు. రెండు వ్యవస్థల ఆరంభపు ఫైళ్లును అందే ఉండును. విండోసులోని ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపివేయవలెను. లేనిచో లినక్సు నుండి ఆ పార్టిషనుపై వ్రాయుట ప్రమాదకరము. లినక్సులో హోమ్‌కు వేరు పార్టిషను ఉంచినచో, వ్యవస్థను తిరిగి నెలకొల్పునపుడు దానిని ఫార్మాటు చేయక మన ఫైళ్లను కాపాడుకొనవచ్చును. అన్నిటికంటె ముందు, పార్టిషన్ల పట్టికను కాగితముపై వ్రాసి, ఫైళ్లకు వేరొక ప్రతి తీసి ఉంచవలెను.

మన సంచికలో ఉర్దూ కుడివైపునుండి, తెలుగు ఎడమవైపునుండి మొదలై ఒకే అట్టల నడుమ ఇమిడియున్నవి. హద్దులు తెలిసియున్నచో రెండు వ్యవస్థలును ఒకే డిస్కులో అట్లే ఇముడును. కంప్యూటరు గదికి ప్రతులు దాచుటకు ఒక ప్రత్యేక డిస్కును సమకూర్చవలసినదిగా కళాశాల కమిటీ వారిని ప్రార్థించుచున్నాము.