పావురముల రెక్క చారలను నిలుపుకొనుట

అహోబిలము వంటి కొండ తావులలో బండ చరియలందును, గుడి గోపురములందును కాపురముండు నీలి పావురమును ఎరుగని రైతు ఉండడు. దాని రెక్కపై రెండు నల్లని చారలుండును. పెంపుడు జాతులన్నిటికిని ఇదియే మూలము. తెల్లని లక్కాను నల్లని బార్బ్ జాతితో కలుపగా, మనుమలలో ఒకటి నీలిరంగుతో, ఆ రెండు చారలతోనే పుట్టెనని డార్విన్ 1859లో వ్రాసెను. దాగియున్న గుణము మరల బయటపడును. ఒక్క తప్పు జతతో ఏండ్ల శ్రమ పోవును. కావున రైతులు ఈ క్రింది విషయములు గమనింపవలెను.

1. చారలకన్న గళ్ల రెక్క బలమైన గుణము. చారల జతకు గళ్ల పిల్ల పుట్టినచో, పెట్టతో బయటి పోతు కలిసినదని అనుమానింపవలెను. గళ్ల జతకు మాత్రము చారల పిల్ల పుట్టవచ్చును.

2. నీలి పోతుకు బూడిద ఎరుపు పెట్టను జత చేసినచో, పోతు పిల్లలన్నియు తల్లి రంగు, పెట్ట పిల్లలన్నియు తండ్రి రంగు పొందును. ఈకలు రాగానే ఆడ, మగ తెలియును.

3. కొత్త జతను వేరు గూటిలో మూసి ఉంచవలెను. పెట్ట రెండు గ్రుడ్లు పెట్టును. సుమారు 18 దినములకు పిల్లలగును. వారము దాటగానే కాలికి కడియము వేసి, తల్లిదండ్రుల వివరము పుస్తకమున వ్రాయవలెను.

4. తోబుట్టువులను తరతరములుగా కలుపరాదు. గ్రుడ్లు చెడును, పిల్లలు నీరసించును.

చారలెంత తీరుగా ఉన్నను, పిల్లలను చక్కగా పెంచలేని జతను విత్తనమునకు ఉంచరాదు.