వరిమడి వాయువునకు లెక్క కట్టిన విధము

చెఱువు వెలితిపడినప్పుడు ఒడ్డు బురదలో కఱ్ఱ గ్రుచ్చినచో బుడగలు పైకి వచ్చుట పాఖాల, లక్నవరము ఆయకట్టు రైతులెల్లరు ఎఱుగుదురు. ఆ బుడగలలో నుండునది చాలవఱకు మీథేను అను వాయువు. గాలి సోకని బురదలో సూక్ష్మజీవులు కుళ్లిన ఆకు అలములనుండి దీనిని పుట్టించును. నీరు నిలిచిన వరిమడియందును ఇదే జరుగును. అయితే మడిలో బుడగలకంటె వరిదుబ్బే ముఖ్యమార్గము. వేళ్లకు గాలి దించుకొనుటకై కాడలోనున్న సన్నని గొట్టములగుండ ఈ వాయువు పైకెగయును. భూమి వేడిని పోనీక పట్టియుంచు వాయువులలో నిది యొకటి.

1990 ప్రాంతమున అమెరికా పర్యావరణ సంరక్షణ సంస్థవారి అంచనా భారతదేశపు వరిపొలములపై ఏటా 3 కోట్ల 78 లక్షల టన్నుల మీథేనును మోపినది. కొలిచినవి పరదేశపు మడులు, వ్రాసినది మన పద్దున! ఆ యంకె నిలిచినచో నింద యంతయు నీరుపెట్టు రైతుపై పడియుండెడిది.

1991లో ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలకు చెందిన అశేష్ ప్రసాద్ మిత్రా గారి నాయకత్వమున పలు సంస్థల శాస్త్రజ్ఞులు కూడి, వేర్వేరు ప్రాంతముల మడులలో కొలతకు దిగిరి. విధము సులభమే. దుబ్బులపై పారదర్శకమైన పెట్టె బోర్లించి, కొంతసేపటి కొకసారి లోపలి గాలిని సూదిగొట్టముతో తీసి యంత్రమున పరీక్షింతురు. వాయువు పెరిగిన వేగమే ఆ మడి లెక్క. కష్టమంతయు అందఱు ఒకే తీరున కొలుచుటలో నున్నది. ఒకరి సోల పెద్దది, మరియొకరిది చిన్నది అయినచో రాశి కలిపి ప్రయోజనమేమి?

తేలినది సుమారు 40 లక్షల టన్నులు. మొదటి యంకెలో తొమ్మిదవ వంతు. మన వరిభూములలో చాలభాగము వర్షాధారమై నడుమ నడుమ ఆరును. నేలలో జీవపదార్థమును తక్కువ. 2004లో భారత ప్రభుత్వము ఐక్యరాజ్యసమితికి సమర్పించిన 1994వ సంవత్సరపు లెక్కలోను వరిపద్దు 40 లక్షల 90 వేల టన్నులే.

మడి యెన్నడును ఆరరాదని పూర్వము మేమును బోధించినవారమే. ఇప్పుడట్లు చెప్పము. పిలకలు వేయుట ముగియునప్పుడు నీరు తీసి, నేల సన్నని నెఱ్ఱెలు విచ్చువఱకు ఆరనిచ్చి మరల పెట్టినచో మీథేను చాల తగ్గును. పొట్ట, పూత దశలలో మాత్రము ఆరనీయరాదు. ఆరి తడిసిన మడిలో నత్రజని యెరువునుండి నైట్రస్ ఆక్సైడు అను వేఱొక వేడివాయువు పుట్టును గనుక యూరియాను ఒకేసారి కుమ్మరింపక దఫాలుగా చల్లవలెను. పచ్చి పెంటకంటె బాగుగా మాగినది మేలు.

తూము క్రింద చివరి మడివాడు, తీసిన నీరు మరల దొరకునో లేదో యని జంకును. ఆ భయము న్యాయమైనదే. కావున తీయు దినమును, విడుచు దినమును ఆయకట్టువారందఱు సంఘమున కూర్చుండి నాట్లకు ముందే నిర్ణయించుకొని నీరటికి తెలుపవలెను.