పాత ఫ్లాటు, కొత్త వంటగది

ప్రశ్న: మేము దంపతుల మిరువురమును పామూరులో ఉపాధ్యాయులము. ఒంగోలులో పదునైదేండ్ల నాటి ఫ్లాటొకటి బేరమునకు వచ్చినది. అడ్డుగోడ తీయించి, వంటగదిని బాల్కనీలోనికి మార్చవలెనని మా శ్రీమతి కోరిక. కొనవచ్చునా?

జవాబు: గోడకంటె ముందు కాగితములు చూడుడు. 1908 నాటి చట్టము ననుసరించి స్థిరాస్తి విక్రయము రిజిస్టరు కావలసినదే గనుక, లింకు దస్తావేజులను, ముప్పదేండ్ల ఈసీని తెప్పించి, స్థలములో మీకు సంక్రమించు అవిభక్తపు వాటా ఎన్ని గజములో సరిచూచుకొనక బయానా ఇయ్యవలదు. దస్తావేజు కుదువబెట్టి తెచ్చిన అప్పు ఒక్కొక్కప్పుడు ఈసీకి ఎక్కదు. అసలు ప్రతిని కన్నులార చూడుడు, జిరాక్సు చూపువానితో బేరమేల?

స్తంభములు, దూలములు గల కట్టడములో నాలుగున్నర అంగుళముల అడ్డుగోడ సాధారణముగా కప్పు బరువు మోయదు. ఇంజనీరు చూచి సరేయన్న పిమ్మట తీయవచ్చును. బాల్కనీ మాట వేరు. అది గోడనుండి చాచిన చేయి. దానిపై రాతిగట్టును, ఇటుకగోడను మోపుట నాకు సమ్మతము కాదు. పైగా సింకు గొట్టమునకు అడుగునకు పావు అంగుళము వాలు కావలెను గనుక, పది అడుగులు జరిపినచో నేల రెండున్నర అంగుళములు లేచి, గడప కాలికి తగులును. సింకు నున్నచోటనే యుంచి, అడ్డుగోడను నడుమెత్తున నిలిపి పైభాగము తీయించుడు. హాలునకు వెలుతురు వచ్చును, ఎండుమిరప పోపు ఘాటును వచ్చుననుకొనుడు, దానికి చిమ్నీ యున్నది.

ఫ్లాటు చూడ వాన వెలిసిన మరునాడు వెళ్లుడు. స్నానాలగది వెనుకగోడ అడుగున సున్నము పొక్కియున్నచో మరమ్మతు ఖర్చును ధరలో తగ్గింపుమని అడుగుడు.