రోస్టర్ కొనే ముందు

చి.సౌ. సౌజన్యకు,

చాక్లెట్ ఆర్డర్లు వస్తున్నా చేతిలో డబ్బు నిలవడం లేదనీ, అప్పు చేసి కోకో గింజలు వేయించే పెద్ద రోస్టర్ కొంటాననీ రాశావు. కాస్త ఆగమ్మా. ముందు సరుకు ఎక్కడ తరిగిపోతోందో చూసుకో. పచ్చి గింజ, ఎండు గింజ, వేయించిన గింజ, పొట్టు తీసిన పప్పు, చివరికి బార్లు, అన్నీ తూకం వేసి పుస్తకంలో ఎక్కించు.

వంద కిలోల పచ్చి గింజలు ఎండితే 35 నుంచి 40 కిలోలు తేలతాయి. వంద కిలోల ఎండు గింజల్లో పొట్టూ తేమా పోగా 75 నుంచి 80 కిలోల పప్పు రావాలి. తగ్గిందంటే పొట్టు బస్తాలోంచి పిడికెడు తీసి పళ్లెంలో పరిచి చూడు. పప్పు ముక్కలు కనిపిస్తే పొట్టు ఎగరగొట్టే ఫ్యాను గాలి తగ్గించు. గింజల్ని సైజువారీగా జల్లించి విడివిడిగా వేయిస్తే చిన్నవి మాడవు, పెద్దవి పచ్చిగా మిగలవు.

రుచీ ధరా పులియబెట్టే దగ్గరే తేలిపోతాయి. మన పశ్చిమగోదావరి కొబ్బరి, పామాయిల్ తోటల నీడన పండే కోకో కాయ మంచిదే. పండిన కాయే కోయమనీ, తెగులు కాయలు, మొలకెత్తిన గింజలు కలపొద్దనీ రైతులకు చెప్పు. మాట నిలబెట్టుకున్నవాళ్లకు కిలోకు నాలుగు రూపాయలు ఎక్కువివ్వు. పెట్టెలో అరటాకులు పరిచి గింజ నింపి, రెండు రోజులకోసారి తిరగెయ్యి. లోపల 45 నుంచి 50 డిగ్రీల వేడి పుట్టాలి. సరుకు తక్కువైతే వేడి నిలవదు, అందుకని నలుగురి గింజలూ ఒకేరోజు వచ్చేలా చూసుకో. ఐదారు రోజులు పులిశాక ఎండబెట్టి తేమ 7 శాతానికి దించు. 8 దాటితే నిల్వలో బూజు పడుతుంది.

ప్రతి లాటులోంచీ వంద గింజలు నిలువునా కోసి చూడు. లోపల గోధుమరంగూ పగుళ్లూ ఉంటే బాగా పులిసినట్టు. ఊదారంగుంటే సగమే పులిసింది. పలక రంగుంటే అసలు పులియలేదు. అలాంటి గింజను ఎంత ఖరీదైన రోస్టరూ బాగుచేయలేదు.

గ్రైండర్‌ను సగం లోడుతో తిప్పకు, కరెంటు దండగ. పప్పును వేడిచేసి కొద్దికొద్దిగా పోస్తే త్వరగా జారవుతుంది. బార్ మీద తెల్లపూత వస్తే పారేయకు, కరిగించి, వేడి సరిచూస్తూ చల్లార్చే టెంపరింగ్ మళ్లీ చెయ్యి. పొట్టు మొక్కల మొదళ్లలో వెయ్యి, కుక్కలకు మాత్రం అందనీయకు, వాటికి విషం.

మూడు నెలలు ఇలా రాశాక, వేయించే దగ్గరే పని ఆగుతోందని పుస్తకం చెబితే రోస్టర్ తప్పక కొను. బ్యాంకుకు నీ వెంట నేనే వస్తాను, హామీ సంతకమూ నేనే పెడతాను.

ఇట్లు,
మీ పెద్దనాన్న